బహావల్‌పూర్ ఐదవ ఉపన్యాసం: ఒక పరిశీలన

విశ్వవిద్యాలయాలలో అతిథి ఉపన్యాసానికి ఒక స్థిరమైన పద్ధతి ఏర్పడి ఉంది. శాఖాధ్యక్షులు అతిథిని పరిచయం చేస్తారు. ఆయన పట్టాలను, గ్రంథాలను, తిరిగివచ్చిన దేశాలను ఏకరువు పెడతారు. శాలువా కప్పుతారు. తరువాత అతిథి ఒక గంటసేపు ప్రపంచ రాజకీయాలను వివరిస్తారు. ప్రశ్నలకు కేటాయించిన చివరి పది నిమిషాలు చాలా సందర్భాలలో వందన సమర్పణకే సరిపోతాయి. ఉపన్యాస విషయం ‘ఇస్లాం – అంతర్జాతీయ న్యాయం’ అయినప్పుడు మరొక విశేషం కూడా ఉంటుంది. సభ ఏమి వినగోరుతున్నదో వక్తకు ముందే తెలుసు. వక్త ఏమి చెప్పబోతున్నాడో సభకూ ముందే తెలుసు. ఇద్దరూ తృప్తిగా ఇంటికి వెళతారు.

కొన్నేళ్ళ క్రితం అటువంటి ఒక సభలో నేను దుబాసీగా ఉన్నాను. అతిథి ఉర్దూలో మాట్లాడుతుంటే నేను తెలుగులో చెబుతున్నాను. అంతర్జాతీయ న్యాయాన్ని ప్రపంచంలో మొట్టమొదట శాస్త్రంగా రచించినవారు ముస్లిములేనని ఆయన అన్నప్పుడు సభ చప్పట్లు కొట్టింది. నా తెలుగు వాక్యానికి మరొకసారి కొట్టింది. చివరన ఒక విద్యార్థిని లేచి, “సార్, ముందు రాసినవాళ్ళు వాళ్ళే అయితే, ఇప్పుడు దాన్ని పాటిస్తున్నది ఎవరండీ?” అని అడిగింది. నేను దానిని ఉర్దూలోకి మార్చి, ‘ఆధునిక కాలంలో ఈ సూత్రాల అన్వయం గురించి దయచేసి వివరించండి’ అని అతిథికి వినిపించాను. ఆయన వివరించారు. సభ ముగిశాక ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చి, “అన్నగారూ, నేను అడిగింది అది కాదండీ” అన్నది. నా దగ్గర జవాబు లేదు. అతిథి మర్యాద కోసం చేశానని నాకు నేను చెప్పుకున్నాను గాని, చేసింది అనువాదం కాదని నాకు తెలుసు.

ఆ సంఘటన ఇప్పుడు గుర్తుకు రావటానికి కారణం ఉంది. డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ గారి ‘ఖుత్బాతె బహావల్‌పూర్’ లోని ఐదవ ఉపన్యాసాన్ని తెలుగు చేసే పనిలో ఉన్నాను. మదరసాలో చదివే రోజుల్లో ఈ పుస్తకాన్ని గర్వంతో చదివాను. విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు కొంత అనుమానంతో చదివాను. ఇప్పుడు మాట మాటనూ తూచవలసిన అనువాదకుడిగా చదువుతుంటే, గర్వానికీ అనుమానానికీ కూడా అందని ఒక విషయం ఇందులో ఉన్నదనిపిస్తున్నది. ఈ వ్యాసంలో పరిశీలించదలచినది దానినే.

ఉపన్యాసమూ, ఉపన్యాసకుడూ

1980 మార్చిలో పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ ఇస్లామియా విశ్వవిద్యాలయం ఆహ్వానంపై డాక్టర్ హమీదుల్లాహ్ గారు పన్నెండు ఉపన్యాసాలు ఇచ్చారు. ఖుర్ఆన్ చరిత్ర, హదీసు చరిత్ర, ఫిఖ్హ్ చరిత్ర, ఇజ్తిహాద్ – ఈ వరుసలో ఐదవది అంతర్జాతీయ న్యాయం. ఉర్దూలో ఆయన వాడిన పేరు ‘ఖానూనె బైనల్ మమాలిక్’. ముందుగా రాసుకున్న ప్రతి లేకుండా మాట్లాడారు. టేపులపై రికార్డు చేసిన ఆ మాటలను కాగితం మీద పెట్టి గ్రంథంగా ప్రచురించారు. ప్రతి ఉపన్యాసం తరువాత జరిగిన ప్రశ్నోత్తరాలను కూడా చేర్చారు. 1993లో ఇస్లామాబాద్ నుండి దీనికి ఇంగ్లీషు అనువాదం వచ్చింది.

ఈ అంశంపై మాట్లాడే అధికారం ఆయనకు ఉన్నంతగా ఆనాడు బహు కొద్దిమందికే ఉన్నది. 1908లో హైదరాబాదులో జన్మించి, జామియా నిజామియాలోనూ ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ చదివారు. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో ముస్లిం అంతర్జాతీయ న్యాయంపై పరిశోధించి 1933లో డాక్టరేటు పొందారు. తరువాత పారిస్‌లో సోర్బోన్ నుండి మరొక డాక్టరేటు తీసుకున్నారు. ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయం బోధించారు. దైవప్రవక్త (స) కాలం నాటి ఒడంబడికలను, లేఖలను ఒకచోట చేర్చి ఆయన వెలువరించిన అరబీ సంకలనం నేటికీ పరిశోధకులకు ఆధారగ్రంథం.

మరొక విషయం కూడా చెప్పుకోవాలి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం వ్యవహారం పారిస్‌లో సమావేశమైన భద్రతామండలి ముందుకు వచ్చినప్పుడు, సంస్థానం తరఫున వెళ్ళిన ప్రతినిధి బృందంలో ఆయన ఒకరు. చర్చ ముగియకముందే సంస్థానం భారత యూనియన్‌లో కలిసిపోయింది. ఆ చరిత్రలోని న్యాయాన్యాయాలు వేరొక వ్యాసానికి సంబంధించినవి. మన విషయానికి కావలసినది ఇంతే: ఆయన తిరిగి రాలేదు. ఏ రాజ్యపు పౌరుడూ కాకుండా, కాందిశీకుడిగా ఫ్రాన్సులో దశాబ్దాల పాటు ఉండి, అక్కడి జాతీయ పరిశోధనా సంస్థలో పనిచేసి, 2002లో అమెరికాలో కన్నుమూశారు. అంటే బహావల్‌పూర్ సభలో రాజ్యాల మధ్య న్యాయం గురించి మాట్లాడిన మనిషికి తనదని చెప్పుకొనే రాజ్యం లేదు.

‘మొదట’ అనే మాట

ఐదవ ఉపన్యాసంలోని ప్రధాన వాదం సంగ్రహంగా ఇది. గ్రీకు నగర రాజ్యాల మధ్య కొన్ని యుద్ధ నియమాలు ఉండేవి గాని, అవి గ్రీకులకు మాత్రమే వర్తించేవి. రోమనుల నియమాలకూ అటువంటి హద్దులే ఉండేవి. ఆధునిక ఐరోపా న్యాయం కూడా చాలాకాలం క్రైస్తవ రాజ్యాల మధ్య ఏర్పాటుగానే సాగింది. 1856 పారిస్ సంధిలో తుర్కీని చేర్చుకున్న తరువాతనే ఆ గిరి దాటింది. దీనికి భిన్నంగా ముస్లిం ధర్మశాస్త్రవేత్తలు హిజ్రీ రెండవ శతాబ్దంలోనే, మతభేదం లేకుండా అన్ని రాజ్యాలతో వ్యవహరించవలసిన తీరును ఒక ప్రత్యేక శాస్త్రంగా రూపొందించారు. దానికి ‘సియర్’ అని పేరు పెట్టారు.

ఇందులో చారిత్రక సత్యం చాలా ఉంది. ఇమాం అబూ హనీఫా (మరణం హి. 150) శిష్యవర్గంలో ఈ శాస్త్రం బోధించబడింది. సిరియా ఇమాం ఔజాయీ ఇరాక్ పండితుల అభిప్రాయాలను ఖండించారు. అబూ యూసుఫ్ ఆ ఖండనకు జవాబు రాశారు. ఇమాం ముహమ్మద్ షైబానీ (మరణం హి. 189, క్రీ.శ. 805) ఈ విషయంపై చిన్నదీ పెద్దదీ రెండు గ్రంథాలు రచించారు. పెద్ద గ్రంథం మనకు ఇమాం సరఖ్సీ వ్యాఖ్యానం ద్వారా దక్కింది. పాలకుని ఆగ్రహానికి గురై ఏళ్ళ తరబడి చెరలో ఉన్న ఆ మహానుభావుడు శిష్యులకు నోటితో చెప్పి రాయించిన వ్యాఖ్యానం అది. ఐరోపాలో ఈ శాస్త్రానికి పితామహుడిగా చెప్పుకొనే హ్యూగో గ్రోషియస్ ప్రసిద్ధ గ్రంథం వెలువడినది 1625లో. కాలక్రమం విషయంలో సందేహం లేదు.

తెలుగు పాఠకులకు ఇందులో ఒక దగ్గరి సంబంధం కూడా ఉంది. సరఖ్సీ వ్యాఖ్యానాన్ని నాలుగు సంపుటాలలో హి. 1335–36లో ముద్రించినది హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్. ఔజాయీకి అబూ యూసుఫ్ రాసిన జవాబును ప్రచురించినది కూడా హైదరాబాదు సంస్థే. ప్రపంచంలోని పరిశోధకులు ఈ శాస్త్రాన్ని చదువుకోవటానికి మన ఊరి అచ్చు పుస్తకాలను వెతుక్కోవలసి వచ్చింది.

అయినప్పటికీ ‘మొదట’ అనే మాటను తూచి వాడవలసి ఉంది. దీనికి మూడు కారణాలు.

మొదటిది, 1856 గురించిన వాదం. ఆ సంధిలోని ఏడవ అధికరణం ఉస్మానియా సల్తనత్‌ను ఐరోపా ప్రజాన్యాయపు ప్రయోజనాలలో భాగస్వామిగా అంగీకరించిన మాట నిజమే. అంతకుముందు వారి మధ్య న్యాయసంబంధం లేదని దీని అర్థం కాదు. 1950లలో మద్రాసు విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ న్యాయం బోధించిన పోలండు పండితుడు అలెగ్జాండ్రోవిచ్ 1967లో ప్రచురించిన గ్రంథంలో ఈ విషయాన్ని తేటతెల్లం చేశారు. పదహారు నుండి పద్దెనిమిదవ శతాబ్దం వరకు ఐరోపావారు ఆసియా పాలకులతో సాటి రాజ్యాలతో చేసినట్టే ఒడంబడికలు చేసుకున్నారు. పందొమ్మిదవ శతాబ్దంలో వలసబలం పెరిగిన తరువాతనే ఆ న్యాయాన్ని తమ ఖండానికి పరిమితం చేసుకున్నారు. మనకు తెలిసిన ఉదాహరణే చాలు. 1630లలో మచిలీపట్నం రేవులో వర్తకానికి ఇంగ్లీషువారు గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా నుండి ఫర్మానా పొందారు. ఫర్మానా కోరటం అంటే ఆ అధికారాన్ని గుర్తించటమే కదా. కనుక 1856లో జరిగినది తలుపు మొదటిసారి తెరవటం కాదు. తామే మూసిన తలుపును కొద్దిగా తెరిచి కృతజ్ఞత కోరటం. హమీదుల్లాహ్ గారు ఆ తేదీని ఐరోపా సంకుచితత్వానికి నిదర్శనంగా చూపారు. నిజానికి అది అంతకంటే పెద్ద అన్యాయానికి నిదర్శనం.

రెండవది, ఇతర నాగరికతల మాట. ఈజిప్టు, హిట్టైటు రాజుల మధ్య క్రీస్తుకు పూర్వం పదమూడవ శతాబ్దం నాటి సంధిపత్రం దొరికింది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో మండల సిద్ధాంతం, దూతల ధర్మాలు ఉన్నాయి. రాజనీతి వేరు, న్యాయశాస్త్రం వేరు అని హమీదుల్లాహ్ గారి పక్షాన జవాబు చెప్పవచ్చు. ఆ భేదం సరైనదే. అయితే సభలో ఆ భేదం నిలబడదు. సభకు వినిపించేది ‘మనమే మొదట’ అన్నది మాత్రమే.

మూడవది అన్నిటికంటే ముఖ్యమైనది. పోటీలో దిగినవాడు ప్రత్యర్థి కొలబద్దనే అంగీకరించాలి. 1827లోనే హామర్-పుర్గ్‌స్టాల్ అనే ఆస్ట్రియా పండితుడు షైబానీని ‘ముస్లిముల గ్రోషియస్’ అన్నాడు. మనం దానిని బిరుదుగా స్వీకరించాము. ఎనిమిది వందల ఏళ్ళు ముందు పుట్టినవాడిని తరువాత పుట్టినవాడి పేరుతో పిలిస్తే అది గౌరవమా? షైబానీ గ్రోషియస్ రాసినట్టు రాయలేదు. ఆయన ప్రశ్న వేరు. గ్రోషియస్, రాజ్యాలన్నింటి మీదా చెల్లే నియమాలు ఎక్కడి నుండి వస్తాయని అడిగాడు. షైబానీ, ఇతరులతో వ్యవహరించేటప్పుడు *మనం* ఏ నియమాలకు కట్టుబడాలని అడిగారు.

సియర్ అంటే నడవడి

ఇక్కడే అనువాదకుడికి చిక్కు, అనువాదకుడికి లాభం కూడా. ‘సియర్’ అన్నది ‘సీరత్’కు బహువచనం. దైవప్రవక్త (స) జీవితచరిత్రకు మనం వాడే మాటే. నడక, నడిచిన తీరు, నడవడి అని దాని అర్థం. తెలుగులో ‘అంతర్జాతీయ న్యాయం’ అనగానే జాతులన్నింటికీ పైన ఎక్కడో ఉన్న ఒక శాసనం స్ఫురిస్తుంది. ‘సియర్’ అనగానే స్ఫురించవలసినది మన కాళ్ళు, అవి నడిచే దారి. ఎదుటివాడు పాటించినా పాటించకపోయినా, చూచే సాక్షి ఉన్నా లేకపోయినా, మనమీద మనం విధించుకున్న కట్టుబాటు. అందుకే అది ఫిఖ్హ్‌లో భాగమైంది. నమాజు, జకాతు, వర్తకం బోధించే గ్రంథంలోనే దానికీ ఒక అధ్యాయం. ఖాజీ దానిని అమలు జరపవచ్చు, సొంత సైన్యం మీద కూడా.

సొంత సైన్యం మీద తీర్పు అన్నది ఊహ కాదు. బలాజురీ, తబరీ చరిత్రలలో ఒక ఉదంతం ఉంది. సేనాని ఖుతైబా సమర్ఖండును ద్రోహంతో ఆక్రమించాడని ఆ నగరవాసులు ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్‌కు ఫిర్యాదు చేశారు. ఆయన విచారణకు ఖాజీని నియమించమన్నారు. ముస్లిం సైన్యం నగరం విడిచి బయటికి వెళ్ళాలని ఖాజీ తీర్పు చెప్పాడు. చివరకు నగరవాసులే ఉన్న స్థితికి రాజీ పడ్డారట. వివరాలలో చరిత్రకారులు చర్చించుకోవచ్చు. గెలిచిన పక్షపు న్యాయమూర్తి గెలిచిన పక్షానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పటాన్ని సహజమైన విషయంగా ఒక సమాజం తన చరిత్రలో రాసి ఉంచుకున్నదనేది మాత్రం గమనించవలసినది.

ఇంతకంటే కఠినమైనది హుదైబియా. హిజ్రీ ఆరవ సంవత్సరంలో ఖురైషులతో సంధి కుదురుతున్నది. మక్కా నుండి పారిపోయి వచ్చిన ముస్లిములను తిరిగి అప్పగించాలన్నది ఒక షరతు. ఆ సమయంలోనే అబూ జందల్ (ర) సంకెళ్ళతో ఈడ్చుకుంటూ వచ్చి ముస్లిముల ముందు పడ్డారు. సంధి మాట్లాడుతున్న సుహైల్ ఆయన తండ్రే. దైవప్రవక్త (స) ఆయనను ఓదార్చి, సహనం వహించమని చెప్పి, తిప్పి పంపారు. సహాబీల గుండెలు పగిలిపోయాయి. అన్ఫాల్ సూరా 72వ ఆయత్ ఈ నియమాన్నే స్థిరపరుస్తున్నది. మరొక భూభాగంలో ఉన్న ముస్లిములు ధర్మం విషయంలో సహాయం కోరితే చేయవలసిందే. అయితే, మీతో ఒడంబడిక ఉన్న జాతికి వ్యతిరేకంగా కాదు. సోదరభావం కంటే ఇచ్చిన మాట ముందు అని చెప్పే ఈ వాక్యం చప్పట్లు కొట్టించేది కాదు. తలవంచుకుని వినవలసినది.

అమాన్ అధ్యాయం కూడా ఇటువంటిదే. మక్కా విజయం నాడు ఉమ్మె హానీ (ర) తన బంధువర్గంలోని శత్రువులకు అభయమిచ్చారు. హజ్రత్ అలీ (ర) వారిని చంపబోయారు. ఆమె ఇచ్చిన అభయం తాము ఇచ్చినట్టేనని దైవప్రవక్త (స) ప్రకటించారు. పదవి లేని ఒక స్త్రీ మాట మొత్తం సైన్యాన్ని కట్టివేసింది. దీని మీద ధర్మశాస్త్రవేత్తలు ఎంత సూక్ష్మంగా చర్చించారో హిదాయాలో చూడవచ్చు. యుద్ధానికి అనుమతి లేని బానిస ఇచ్చిన అభయం చెల్లదని అబూ హనీఫా అంటే, చెల్లుతుందని ఆయన శిష్యుడు షైబానీ అన్నారు. సమాజంలో అందరికంటే అడుగున ఉన్నవాడి మాటకు కూడా రాజ్యం కట్టుబడాలన్నది షైబానీ పక్షం. నా దృష్టిలో ఆయన గొప్పతనం ఇక్కడ ఉంది. గ్రోషియస్ కంటే ముందు పుట్టటంలో కాదు.

అమాన్ పొంది పరదేశంలో ప్రవేశించిన ముస్లిము గురించి కూడా అధ్యాయం ఉంది. అక్కడివారి ప్రాణాలకు గాని, ధనానికి గాని హాని తలపెట్టటం అతనికి నిషిద్ధం, అది ద్రోహం. రియాద్‌కో, దుబాయికో, షికాగోకో వీసా మీద వెళుతున్న మన పిల్లలకు ఈ అధ్యాయం ఎవరైనా చదివి వినిపిస్తున్నారా? వీసా నేటి అమాన్. అది రెండు పక్షాలనూ కట్టివేస్తుంది. హమీదుల్లాహ్ గారు ఈ అధ్యాయాన్ని జీవించారు. పరాయి రాజ్యం అభయం కింద ఉంటూ, ఆ రాజ్యపు భాషలో 1959లో ఖుర్ఆన్ అనువాదం ప్రచురించి, ఎవరికీ తలవంపు తేకుండా దాదాపు అర్ధ శతాబ్దం గడిపారు. ఆయన ఉపన్యాసాల్లో అతి బలమైనది ఆయన ఇవ్వని ఈ ఉపన్యాసమే.

ఆ నెలలో ఏమి జరుగుతున్నది?

అంతర్జాతీయ రాజకీయాలపై ఉపన్యాసాన్ని అది జరిగిన నెల నుండి విడదీసి చదవకూడదు. 1980 మార్చి నాటికి టెహరాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం సిబ్బంది బందీలుగా ఉన్నారు. 1979 నవంబరు 4న మొదలైన ఆ నిర్బంధం యాభై ఇద్దరి విషయంలో 444 రోజులు సాగింది. పాకిస్తాన్‌లో కూడా, కాబా మస్జిదు ఆక్రమణ వెనుక అమెరికా ఉన్నదన్న వదంతి మీద 1979 నవంబరు 21న ఇస్లామాబాదులోని ఆ దేశపు రాయబార కార్యాలయాన్ని గుంపు తగులబెట్టింది. అంటే బహావల్‌పూర్ శ్రోతలకు దూతల రక్షణ పుస్తకాల్లోని విషయం కాదు; నాలుగు నెలల క్రితం తమ దేశంలో జరిగినది.

ఇరాన్ ప్రజల ఫిర్యాదు చిన్నది కాదు. 1953లో వారి ప్రధాని ముసద్దిఖ్‌ను కూలదోయటంలో అమెరికా, బ్రిటన్ల గూఢచారి సంస్థల పాత్ర నేడు అందరికీ తెలిసినదే. కాని సియర్ అడిగే ప్రశ్న ఎదుటివాడు ఎంత చెడ్డవాడు అన్నది కాదు. ఖురైషుల దూతగా మదీనా వచ్చిన అబూ రాఫె (ర) హృదయంలో ఇస్లాం నాటుకుని, తిరిగి వెళ్ళనన్నారు. తాను ఒడంబడిక భంగపరచననీ, దూతలను ఆపుకోననీ చెప్పి, ముందు తిరిగి వెళ్ళు, ఆ మనస్సు అలాగే ఉంటే తరువాత రమ్మని దైవప్రవక్త (స) ఆయనను పంపివేశారు. ఇష్టపడి ఉండిపోతానన్న దూతనే ఉంచుకోని చోట, బలవంతంగా ఉంచుకోవటానికి ఆధారం ఎక్కడిది?

1980 మే 24న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ఈ వివాదంలో తీర్పు ఇచ్చింది. అందులో ఒక వాక్యాన్ని మనవారు తరచుగా ఉదహరిస్తారు. దౌత్య రక్షణ సంప్రదాయం రూపొందటానికి ఇస్లాం సంప్రదాయాలు గణనీయంగా తోడ్పడ్డాయన్నది ఆ వాక్యం. హమీదుల్లాహ్ గారు జీవితమంతా వాదించినది ప్రపంచ న్యాయస్థానం ఒప్పుకున్నదని సంతోషిస్తాము. ఆ వాక్యం ఏ సందర్భంలో వచ్చిందో మాత్రం చెప్పము. ఒక ముస్లిం రాజ్యం ఆ సంప్రదాయాన్ని ఉల్లంఘించిందని చెబుతూ న్యాయస్థానం రాసిన వాక్యం అది. మన పూర్వీకులకు దక్కిన ఆ ప్రశంస మనకు మందలింపుగా వచ్చింది. ఆరేళ్ళ తరువాత, 1986లో, అదే న్యాయస్థానం నికరాగువా విషయంలో అమెరికాకు వ్యతిరేకంగా తీర్పు ఇస్తే ఆ అగ్రరాజ్యం లెక్కచేయలేదు. అందువల్ల మన తప్పు ఒప్పు కాదు. ఎదుటివాడి నడవడి మన నడవడికి ప్రమాణం కాదన్నదే కదా సియర్.

ఇటువంటి సభలు పశ్చిమంలోనూ ఉన్నాయి. 1990లో బెర్నార్డ్ లూయిస్ అమెరికాలో ఇచ్చిన ఒక గౌరవ ఉపన్యాసం అదే ఏడు ‘ముస్లిం క్రోధపు మూలాలు’ అనే వ్యాసంగా వెలువడింది. కోట్ల మందిని ఒకే మనిషిగా చేసి, ఆ మనిషికి కోపం వచ్చిందని నిర్ణయించే పద్ధతి అది. ఆ సభలోనూ వక్త చెప్పినది శ్రోతలకు సుఖంగానే ఉండి ఉంటుంది. వారి సభలో మనం ఒకే కోపిష్ఠి. మన సభలో మనం ఒకే విజేత. రెండు చోట్లా మాట తప్పినవాడూ, మాట నిలబెట్టుకున్నవాడూ వేరువేరుగా కనిపించరు.

లోపాలు, అనువాదపు చిక్కులు

హమీదుల్లాహ్ గారి ఉపన్యాసపు బలమంతా చరిత్ర మీద, ప్రాథమ్యం మీద ఉంది. సియర్ గ్రంథాలలో యుద్ధఖైదీలను బానిసలుగా చేయటం, యుద్ధధనం పంపకం, జిజియా వంటి అధ్యాయాలు కూడా ఉన్నాయి. ఆనాటి ప్రపంచంలో అవి అన్ని రాజ్యాల ఆచారం. వాటిని తగ్గించే నియమాలను ఫుఖహా చేర్చారన్నది నిజం. కాని ఆ మాట చెప్పి దాటిపోతే చాలదు. ఎనిమిదవ శతాబ్దపు గ్రంథంలో ఏది నియమం, ఏది ఆనాటి పరిస్థితి అని విడదీసే శ్రమ వక్త చేయకపోతే, ఆ పని ప్రత్యర్థి చేస్తాడు, లేదా తుపాకి పట్టిన కుర్రవాడు చేస్తాడు. జవాబు సియర్‌లోనే ఉంది. బానిసత్వాన్ని నిషేధించే ఒడంబడికల మీద, ఐక్యరాజ్యసమితి అధికారపత్రం మీద ముస్లిం రాజ్యాలు సంతకాలు చేశాయి. ఒడంబడికలను నెరవేర్చటం మాయిదా సూరా మొదటి ఆయత్ ఆజ్ఞ. కనుక ఆ సంతకం బయటివారు విధించిన భారం కాదు. షరీఅత్ లోపలి బాధ్యత.

‘దారుల్ హర్బ్’ అనే మాట మరొక చిక్కు. తెలుగులో ‘శత్రుదేశం’ అనీ, ‘యుద్ధభూమి’ అనీ రాస్తున్నాము. ఈ పదం ఖుర్ఆన్‌లో లేదు. ధర్మశాస్త్రవేత్తలు ఏర్పరచుకున్న పరిభాష. హనఫీ గ్రంథాలలో చాలా చోట్ల అది న్యాయాధికారపు హద్దును తెలిపే మాట. అక్కడ జరిగిన నేరంపై మన ఖాజీ శిక్ష విధించలేడు, అక్కడి వ్యవహారంపై అతని అధికారం చెల్లదు అని చెప్పే సందర్భంలో వస్తుంది. ‘యుద్ధభూమి’ అని అనువదిస్తే న్యాయవాది మాట సిపాయి మాటగా మారిపోతుంది. అటువంటి చోట ‘మన న్యాయస్థానం అధికారం చెల్లని దేశం’ అని విడమరచి రాస్తున్నాను. వాక్యం పొడవైనా అర్థం దారి తప్పదు.

ఇన్ని మాటలు అన్న తరువాత ఒక మాట ఒప్పుకోవాలి. ఈ లోపాలు ఎత్తిచూపే సాధనాలు నాకు ఇచ్చినది కూడా హమీదుల్లాహ్ గారే. షైబానీ పేరు, ఔజాయీ వాదం, దూతల ఉదంతాలు ఆయన గ్రంథాల ద్వారానే నావంటివారికి అందాయి. ఆయన చప్పట్ల కోసం మాట్లాడిన మనిషి కాదు. ప్రశ్నోత్తరాలను పుస్తకంలోకి రానిచ్చిన వక్త అసలు ప్రశ్నకు భయపడేవాడు కాదు. ఆయన ఉపన్యాసం నుండి ‘మొదట’ అన్న ఒక్క మాటను ఏరుకుని, నలభై ఏళ్ళుగా సభ నుండి సభకు మోసుకుతిరుగుతున్నవారం మనం. ఆ మోతలో దుబాసీగా నా చేయి కూడా ఉంది.

మన సంస్థలు, విశ్వవిద్యాలయాలు ఇటువంటి ఉపన్యాసాలు ఏర్పాటు చేయటం మంచిదే. అయితే ఒక చిన్న మనవి. ఒక గంట ఉపన్యాసానికి ఒక గంట ప్రశ్నలు పెట్టండి. వక్తను ‘మనం ఏమి సాధించాము’ అని కాక, ‘మనం ఏ మాటకు కట్టుబడి ఉన్నాము, ఎక్కడ తప్పాము’ అని మాట్లాడమని కోరండి. వచ్చే తరం సియర్‌ను బిరుదుగా కాక నడవడిగా నేర్చుకోవాలంటే ఇది తప్పదు.

ఇక నా పని. ఐదవ ఉపన్యాసం అనువాదం ముగింపుకు వచ్చింది. దాని తరువాత ఉన్న ప్రశ్నలలో ఒక్క మాట కూడా మెత్తబరచకుండా తెలుగు చేస్తున్నాను. ఆనాటి సభలో నేను మార్చివేసిన ప్రశ్నకు ఆ పుస్తకంలో చోటు లేదు గనుక, దానిని అడిగినది అడిగినట్టుగా ఈ వ్యాసం మొదట రాశాను. ముందు రాసినవాళ్ళు వాళ్ళే అయితే, ఇప్పుడు పాటిస్తున్నది ఎవరు? జవాబు చెప్పవలసినవారు అతిథులు కాదు.